వాకీటాకీలో చెప్పిన మాట

ఉంగరమో చెవిదిద్దో అనుకుంటారు అందరూ, తల వంచుకుని, చేతిలో పొడుగుకాడ పసుపుపచ్చ డబ్బా నేలకి ఆనీ ఆనకుండా పట్టుకుని, ఫుట్‌పాత్ మీద రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ తచ్చాడే ఆడమనిషి కనిపిస్తే ఇంకేమనుకుంటారు పాపం, ఈ చెప్పులు కుట్టే తాత కూడా అదే అడిగాడు, ఏం పోగొట్టుకున్నావమ్మా అని, అడిగి ఊరుకోకుండా తనూ వంగి వెతకబోయాడు, ఏం లేదులే తాతా, భూమి లోపల మా డ్రిల్లు వెళుతోంది, ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నా అంటే నవ్వాడు, నమ్మలేదు, మొగుణ్ణి పోగొట్టుకున్నాను, ఇటేమైనా వచ్చాడా అని అడిగి ఉంటే నమ్మేవాడేమో, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, ఇలాంటి వెటకారాలు మళ్ళీ తోస్తున్నాయంటే మనసు కాస్త తేలికపడిందనేగా అర్థం, ఆదివారం వస్తానన్నాడు లారీ ఆయన, ఇంటికొచ్చి మామయ్యగారి ఎదురుగా కూర్చుని మాట్లాడతానన్నాడు, ఆ రోజుకి ముందుగది దులపాలి, డబ్బా మీద లోతు చూపే అంకె మారింది, కాళ్ళకింద, రోడ్డు తవ్వకుండా, ఒక్క రాయి కూడా పైకి తియ్యకుండా, ఉలిలా ఏటవాలుగా చెక్కిన ఇనుపతల మట్టిని తొలుచుకుంటూ పోతోంది, దాని వెనక వీధి మొదట్లో ఉన్న యంత్రం దాకా ఒకదానికొకటి బిగించిన రాడ్లు, ఆ యంత్రం మీద ఇనపకుర్చీలో మామయ్య, రేపు ఇదే దారిన గొట్టం లాగితే అందులోంచి కొత్త కేబుల్ పోతుంది, దుకాణాలవాళ్ళకి ఏం జరిగిందో కూడా తెలియదు, ఆమె వాకీటాకీ మీట నొక్కింది, మామయ్యా, తల టైలరు షాపు గుమ్మం కిందకొచ్చింది, కొంచెం ఎడమకి లాగుతోంది, గడియారంలో మూడు గంటల వైపు తిప్పి తోయండి, గరగరమని శబ్దం, తర్వాత ఎప్పుడూ వచ్చే ఆ గొంతు, సరేనమ్మా, కానివ్వు.

ఈ డబ్బా పోయిన మొగుడిది, కాడ దగ్గర ఆయన చుట్టిన నల్లటేపు ఆయన చెమటకి మెత్తబడి ఇప్పుడు ఆమె చెమటకి జారుతోంది, ఆయన మాట్లాడితే వాకీటాకీ దండగ అనేవాడు బురదయ్య, బురదయ్య అంటే యంత్రం పక్కన తొట్టెలో పొడిమట్టి నీళ్ళలో కలిపి రంధ్రంలోకి పంపే మనిషి, అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో, ఆ గొంతు వీధి చివరికి ఉత్తినే వినిపిస్తుంది కదా, బ్యాటరీలెందుకు ఖర్చు అని నవ్వేవాడు, నిజమే, ఇంట్లో కూడా అరుపే, ఉప్పు అందుకోమనడానికి అరుపు, నాన్నా స్నానానికి లే అని అరుపు, పక్కింటివాళ్ళు రోజూ పోట్లాట అనుకునేవాళ్ళు, ఇక్కడెవరైనా చెవిటివాళ్ళున్నారా ఏంటి అని ఒకరోజు ఆమె విసుక్కుంటే కంచం ముందునుంచి లేచిపోయాడు, అంత మాటకి అంత కోపమేమిటో చెప్పలేదు, ఆ రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు, అలా అరిచే మనిషి పోయేటప్పుడు మాత్రం చప్పుడే చెయ్యలేదు, బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కనున్న వాళ్ళ భుజం మీదికి ఒరిగాడట, నిద్ర అనుకున్నారట, గుండెపోటన్నారు, అరిచి గోలచేసే మనిషి గుండె అలా ఆగుతుందని ఎవరనుకుంటారు, ఆ తర్వాత ఇంట్లో రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు, మామయ్య ఇంకా మూగబోయాడు, కొడుకుతోపాటే నోరూ పోయిందనుకుంది, వెనకనుంచి పిలిస్తే పలకడు, ఎదురుగా నిలబడి అంటే మాత్రం మొహంలోకి అలా కళ్ళప్పగించి చూస్తాడు, చెప్పే మాట బయటికి రాకముందే పట్టుకుందామన్నట్టు, ఒకరోజు పొద్దున్నే ఈ డబ్బా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు, కొత్తవాళ్ళతో నాకు కుదరదమ్మా, నువ్వైతే కుదురుతుంది, నేర్పుతాను అన్నాడు, ఎందుకు కుదరదో ఆమె అడగలేదు, దుఃఖంలో ఉన్న మనిషిని ఎందుకని అడుగుతామా, టైలరు షాపు దాటింది, పళ్ళ డాక్టరు మెట్లు, మెట్ల మీద ఎవరో చెంప పట్టుకుని కూర్చున్నారు.

లారీ ఆయన గొంతు మెత్తన, పొడిమట్టి బస్తాలు దింపడానికి వస్తాడు, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో పిండిమరలోంచి లేచొచ్చినట్టుంటాడు, భార్య కాన్పులో పోయింది, చంటిబిడ్డా దక్కలేదు, ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ దాన్ని చూపించి జాలి అడుక్కోలేదు, అందుకే నచ్చాడు, నాతో వస్తావా అని అతను అడిగిన రోజు ఆమెకి మొదట వచ్చింది కోపం, తర్వాత ఏడుపు, ఆ తర్వాత చాలా సేపటికి ఆకలి వేసింది, ఎన్ని నెలలయిందో నిజంగా ఆకలి అనిపించి, మామయ్యగారిని అడిగి చెబుతానంది, అడగడమంటే మాటలా, కంచం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది, ఆయన తలెత్తి ఆ చూపు చూస్తాడు, పెదవుల మీదే నిలిచే చూపు, కొడుకుని పోగొట్టుకున్న కళ్ళు, ఆ కళ్ళలోకి చూస్తూ నేను వేరే ఆయనతో వెళతానని ఏ నోటితో అంటుంది, ఇంకో ముద్ద వెయ్యనా మామయ్యా అని లేచిపోయేది, చివరికి కిందటి పనిలో, మిట్టమధ్యాహ్నం, పాడుబడ్డ గోడౌన్ వెనక, కనుచూపుమేర ఎవరూ లేనిచోట మీట నొక్కి, కళ్ళు మూసుకుని చెప్పేసింది, మామయ్యా, పనికి సంబంధించింది కాదు, ఒక మాట, లారీ ఆయన నన్ను చేసుకుంటానంటున్నాడు, మీ అబ్బాయిని మర్చిపోయి కాదు, ఎలా మర్చిపోతాను, కానీ ఆ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు, మీరు వద్దంటే ఇక ఆ ఊసే ఎత్తను, మిమ్మల్ని వదిలేస్తానని కాదు, వారం వారం వస్తాను, మీరేమంటే అదే, అని మీట వదిలింది, గరగర, లోకంలోని గాలంతా ఆ చిన్న పెట్టెలో ఇరుక్కున్నట్టు, తర్వాత ఆ గొంతు, కంపించకుండా, కోపం లేకుండా, సరేనమ్మా, కానివ్వు, ఆమె గోడకి జారబడి మట్టిలోనే కూర్చుండిపోయింది, ఇంత పెద్దమనసా అని, దేవుడిలాంటి మనిషి అని, ఆ రోజునుంచి ఆయన ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు, ఎత్తకపోవడమే ఆయన మర్యాద అనుకుంది, ఆ ఒక్క మాట మీద ఇన్నాళ్ళూ అన్నం తింది, నిద్రపోయింది, అద్దంలో మొహం చూసుకుంది.

ఇనుపతల గుంత దగ్గరికొచ్చింది, ఇక్కడే జాగ్రత్త, అడ్డంగా పాత కరెంటు కేబుల్ పోతోంది, మణికట్టంత లావు, కరెంటు పారుతున్నది, దాని దగ్గర డబ్బా మాట నమ్మకూడదు, ఆ తీగలోని కరెంటు డబ్బాని తికమక పెడుతుంది, అందుకే ముందే గుంత తీసి కేబుల్‌ని బయటపెట్టి ఉంచారు, డ్రిల్లు దానికి బాగా కిందుగా, గుంత అడుగున దాటిపోవడం కళ్ళతో చూస్తేనే చూసినట్టు, డబ్బా పక్కన పెట్టి ఆమె గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుంది, నెమ్మదిగా తోయండి మామయ్యా, సరేనమ్మా, కానివ్వు, మట్టి వాసన, పాత ఇటుక ముక్క, ఒక వానపాము, ఆదివారానికి కూర ఏం చెయ్యాలి, లారీ ఆయన కారం తక్కువ తింటాడు, వానపాము ముడుచుకుంది, అడుగున కదలాల్సింది, అడుగున ఏమీ కదలలేదు, పక్కగోడలోంచి, కేబుల్ ఉన్న ఎత్తులోనే, మట్టి చెమ్మగిల్లింది, బూడిదరంగు బురద సన్నగా కారింది, చిన్న గులకరాయి ఊడి కేబుల్ మీద టక్కున పడింది, ఏదో బండకి తగిలి తల పైకి లేచింది, ఆపండి, మామయ్యా ఆపండి, సరేనమ్మా, కానివ్వు, గోడ ఉబ్బుతోంది, ఆపండంటున్నా, కేబుల్‌కి తగులుతుంది, ఆపండి, సరేనమ్మా, కానివ్వు, అదే స్వరం, మనవడిని నిద్రపుచ్చేవాడి స్వరం, ఆమెకి ఒక్క క్షణం ఆ ముసలాయన కావాలనే చేస్తున్నాడనిపించింది, కొడుకు దగ్గరికి పోదామని, ఆ రాడ్ల వెంబడి కరెంటు వచ్చి ఆ ఇనపకుర్చీ దాకా, ఆమె లేచింది, చెప్పులు ఎక్కడ వదిలిందో తెలియదు, పళ్ళ డాక్టరు మెట్లు, టైలరు షాపు, తప్పుకోండి తప్పుకోండి, తాత సామాను కాలికి తగిలి చెల్లాచెదురైంది, ఆపండి అని గొంతు చిరిగేలా అరుస్తోంది, దారినపోయేవాళ్ళంతా ఆగిపోయారు, ఆగాల్సిన ఆ ఒక్కడు మాత్రం ఆగలేదు, యంత్రం మీది స్క్రీన్ వైపు చూస్తున్నాడు, గుంత అంచున వదిలేసిన డబ్బా పంపిన పాత అంకెవైపు, చెయ్యి మీట మీద, అంతా సవ్యంగా ఉన్నవాడిలా, ఆమె యంత్రం మీద పడి ఎర్రబటన్ మీద అరచేత్తో గుద్దింది.

ఇంజను ఆగిపోతే వీధికి ఇంత చప్పుడుందా అనిపించింది, సైకిల్ బెల్లు, ఎవరిదో దగ్గు, బురదయ్య పైపు వదిలేసి గుంతవైపు పరిగెత్తాడు, జానెడు కూడా లేదు తల్లీ అని అక్కడినుంచే కేకేశాడు, మామయ్య ఆమె మొహంలోకి చూశాడు, ఆ చూపే, పెదవుల మీద, ఏమైందమ్మా, ఆమె ఆయాసపడుతూ చేత్తో గుంతవైపు చూపించింది, మీకెన్నిసార్లు చెప్పాను అంది నోరు చేతులతో కప్పుకుని, ఏడుస్తూ, ఆయన కళ్ళు ఆమె చేతుల మీద తచ్చాడాయి, తెలియనిచోట దారి వెతుక్కునేవాడిలా, ఎండగా ఉంది, నీళ్ళు తాగు అన్నాడు, నీళ్ళసీసా కోసం వెనక్కి తిరిగాడు, ఆమె చేతులు దించింది, ఆ వీపుని చూస్తూ, మామూలు గొంతుతో, పక్కగదిలోకి వినిపించేంతగా అంది, మామయ్యా, మీ చొక్కా అంటుకుంది, ఆయన సీసా మూత తిప్పుతున్నాడు, ఇంకాస్త గట్టిగా, మామయ్యా, మీ అబ్బాయి వచ్చాడు చూడండి, మూత బిగుసుకుపోయింది కాబోలు, చొక్కా చెరగుతో పట్టి తిప్పుతున్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు, సామెతలు నవ్వుకోవడానికి పుట్టాయనుకుంటాం, ఎవరో గుండె పగిలి అన్న మాటే అది కాబోలు, వినలేదు, ఆ మధ్యాహ్నం కూడా వినలేదు, గోడౌన్ వెనక తను కళ్ళు మూసుకుని కడుపు చీల్చి పెట్టిందంతా ఆయనకి ఒక గరగర కూడా కాదు, ఊపిరాడటం లేదన్న మాట, మర్చిపోలేదన్న మాట, వారం వారం వస్తానన్న మాట, అవన్నీ గోడకి చెప్పుకుంది, గోడ సరే అంది, పెద్దమనసు లేదు, దేవుడూ లేడు, ఒక ముసలివాడు ఇంజను పక్కన కూర్చుని ఒక ముక్కా వినకుండా తలూపాడు, తను దాన్ని తలుపు తీసి పంపించడమనుకుంది, ఆ మాట మీదే మనసిచ్చింది, ఒళ్ళు కూడా ఇచ్చింది, ఒకసారి, లారీ ఆయన గదిలో, సిగ్గులేకుండా, అనుమతి ఉన్నదానిలా, అది తలచినకొద్దీ చెవులు కాలిపోతున్నాయి, మరి పోయిన ఆయన, అరిచే మనిషి, నాన్నా స్నానానికి లే, అవి అరుపులు కావు, కన్నతండ్రిని మోసిన మోత, ఇంట్లో పెళ్ళానికి కూడా తెలియనివ్వకుండా అందరితోనూ అరిచాడు, తండ్రి ఒక్కడితోనే అరిస్తే తెలిసిపోతుందని, ఇక్కడెవరైనా చెవిటివాళ్ళున్నారా అంది తను, ఆయన లేచిపోయాడు, ఎంత గొంతు చించుకున్నాడో ఆ గుండె, పోతూపోతూ ఒక్క మాట చెప్పి పోకూడదూ దొంగమనిషి, నీ బరువు నా నెత్తిన పెట్టి చప్పుడు లేకుండా ఒరిగిపోయావా, ఎవరి భుజం మీదికి ఒరిగావో ఇప్పుడు తెలిసింది.

సూపర్‌వైజరు మోటారుసైకిల్ మీద ఊడిపడ్డాడు, ఎవరు ఆపారు, ఎందుకాపారు, తగిలితే సగం ఊరు చీకటి, మనుషులు మాడిపోయేవాళ్ళు, ఈయన నీ మాట వినలేదా ఏంటి, అని ముసలాయన వైపు వేలు చూపించాడు, మామయ్య ఇద్దరి పెదవుల మధ్య తల తిప్పుతున్నాడు, అటోసారి ఇటోసారి, పరీక్ష తప్పిన పిల్లాడిలా, నిజం చెప్పడం ఎంత సులువు, ఈయనకి వినపడదు సార్, ఒక్క మాట, రేపటినుంచి ఆ ఇనపకుర్చీలో వేరేవాళ్ళు, వీధికీ మంచిది, ఆయన ప్రాణానికీ మంచిది, ఆమెకి తెలుసు అది, తెలిసి కూడా నోరు వేరేగా కదిలింది, నా వాకీటాకీ పనిచెయ్యలేదు సార్, నేను చూసుకోలేదు, తప్పు నాది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి అన్నాడతను, రాడ్లు వెనక్కి తీసి మళ్ళీ లోతుగా పోనివ్వమని చెప్పి వెళ్ళిపోయాడు, ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఎప్పటినుంచో తయారుగా ఉన్నట్టుంది, ఇంటిపేరుతోపాటు ఇది కూడా వచ్చిందేమో తనకి.

బురదయ్య టీ తెచ్చిచ్చి దూరంగా పోయాడు, యంత్రం నీడలో ఇద్దరూ కూర్చున్నారు, మామయ్య గ్లాసు పట్టుకుని తాగకుండా, ఆమెవైపు చూడకుండా, అవసరమైనదానికన్నా పెద్దగా మాట్లాడాడు, తన గొంతు తనకి అందనివాడిలా, నాకు వినపడదని వాడికి తెలుసమ్మా, నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా, నువ్వు మాట్లాడితే ఈ వాకీటాకీకి ఎర్రదీపం వెలుగుతుంది, ఆరిపోతే నీ మాట అయిపోయిందని, అప్పుడు సరే అంటాను, అంకెలూ, ఎటు తిప్పాలో చూపే గుర్తులూ స్క్రీన్ మీద ఎలాగూ కనిపిస్తాయి, ఎన్నడూ తేడా రాలేదు, ఇవాళే అన్నాడు, ఆమె ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది, చిన్నపిల్లాణ్ణి తిప్పినట్టు, పెదవులు విడదీసి ఒక్కో మాట పేర్చింది, ఏం చెప్పానో తెలియకుండానే సరే అనేస్తారా మామయ్యా, చదువుకున్నాడు ఆ పెదవుల్ని, ఆయన మొహంలో ఎక్కడా దాపరికం లేదు, నువ్వేగా తల్లీ చెప్పేది, నీకు సరే అనడానికి నేను వినాలా ఏంటి, అన్నాడు, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, భయపడినట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాడు, నేను వినకుండా పోయిన మాట ఏదైనా ఉందా అమ్మా, పనిది కాకుండా, ఎప్పుడైనా, ఇంకేదైనా చెప్పావా, ఆ కళ్ళు పెదవుల మీదికి వచ్చి వాలాయి, రెప్ప వెయ్యకుండా, ఎంత సేపైనా ఎదురుచూస్తాయి, ఏ మాటైనా పట్టుకుంటాయి, ఇప్పుడు చెప్పొచ్చు, ఇంతకన్నా మంచి అదను లేదు, అక్షరం పొల్లుపోకుండా వింటాడు, ఆదివారం, లారీ, మెత్తటి గొంతు, ఆ గొంతు ఈయనకి ఎన్నటికీ వినిపించదు, తను వెళితే ఈ మనిషి ముందు నిలబడి అరిచేవాళ్ళెవరు, డబ్బా పట్టే కొత్త గొంతు ఈయన చెవుడుని మొదటిరోజే పట్టేస్తుంది, తర్వాత ఆ ఇంట్లో తలుపు కొట్టినా, ఫోను మోగినా, పొయ్యి మీద పాలు పొంగినా, ఒక ముసలాయన గోడవైపు చూస్తూ, అడ్డు ఆయన కాదు, ఆయన ఎన్నడూ అడ్డు కాదు, అడ్డుపడితే బాగుండు, తిడితే, ఏడిస్తే, నా కొడుకు ఇల్లు వదిలిపోతావా అంటే పోట్లాడైనా వెళ్ళేది, ఏమీ లేదు మామయ్యా అంది ఆమె, పెదవులు బాగా కనపడేలా, తల అడ్డంగా ఊపి, ఆయన నమ్మాడు, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి యంత్రం ఎక్కాడు, ఆమె డబ్బా కోసం గుంతవైపు నడిచింది, చెప్పులు లేని కాళ్ళకి రోడ్డు కాలుతోంది, ఆదివారం రావద్దని లారీ ఆయనకి ఈ సాయంత్రమే చెప్పాలి, అతను ఎందుకని అడుగుతాడు, మీ మామయ్య వద్దన్నారా అని అడుగుతాడు, ఏం చెబుతుంది, వద్దనలేదు, ఇప్పుడు అడిగినా సరే అంటాడు, ప్రతి మాటా విని, నవ్వుతూ, మట్టిలో కలిసిపోతూ కూడా సరే అంటాడు, అది తెలిసింది కాబట్టే ఇక ఈ జన్మలో ఆయన్ని అడగడం తన వల్ల కాదు.